చావు నీళ్ళు

గుండ్లకోనలో ఏడుగురు పోయాక గానీ మున్సిపాలిటీ వాళ్ళకు గాజు ఉంగరాల సంగతి గుర్తుకు రాలేదు. అంతవరకూ ఎవరి నోట విన్నా ఎండదెబ్బ అనేవాళ్ళు, లేదంటే బండి మీద అమ్మే పుచ్చకాయ ముక్కల్ని తిట్టేవాళ్ళు. పోయిన ఏడుగురూ దిగువపేట వాళ్ళేననీ, ఏడుగురికీ వాంతులూ విరేచనాలేననీ లెక్క తేలాక, ఇంజినీరు ఫక్రుద్దీన్ సారు నీళ్ళ ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా చౌడేశ్వరీ, ఆర్నెల్ల నుంచి కొళాయిలకు ఉంగరాలు తొడిగి పెట్టినావే. అవి నోరు తెరిచి ఏమన్నా చెప్తాయా?"

"పీకి చూస్తే చెప్తాయి సార్. ఏడాది దాకా పీకొద్దని కాయితం మీద రాయించింది మీరే గదా."

"రాయిస్తిలే. ఇప్పుడు పీకు."

ఆ మాట కోసమే ఆమె పదిరోజులుగా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఎవరి మీద విసుక్కోవాలో కూడా తెలియనంత విసుగుతో పైపులు విప్పే పానాల సంచీ భుజాన వేసుకుంది.

గుండ్లకోన ఏటవాలు మీద కట్టిన ఊరు. పైన మిట్టవీధి, కింద దిగువపేట. రెంటికీ ఒకటే పెద్ద పైపు. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ గంటసేపు. ప్రతి ఇంటి కొళాయీ ఆ పెద్ద పైపుకు కలిసే చోట చౌడేశ్వరి వేలెడు వెడల్పు గాజు ఉంగరం ఒకటి బిగించింది. ఉంగరం లోపలి గోడకు కంటికి కనబడని జీవులు పొరగా అతుక్కుని ఉంటాయి. నీళ్ళు పారినప్పుడల్లా అవి దువ్విన జుట్టులా పారే వైపుకే వాలి, ఒక కొత్త పొర వేస్తాయి. నీళ్ళు గనక ఇంటి నుంచి పైపులోకి వెనక్కి పారాయా, అవి ఎదురు తిరిగి గోధుమరంగు జిగురు కక్కుతాయి. వెనక్కి వచ్చిన మురికిలో పిసరంత ఆ జిగురులో పట్టి దాచుకుంటాయి. ఏ ఇంటి నుంచి ఏ రోజు ఏది వెనక్కి వచ్చిందో చెప్పే సాక్షి అన్నమాట. దానికి ఆమె పెట్టుకున్న పేరు కావలి పొర. యూనివర్సిటీలో ఆరేళ్ళు దాన్ని పసిబిడ్డను సాకినట్టు సాకింది. మొదట తన ఊళ్ళోనే పెడతానని పట్టుబట్టి ఇక్కడికి తెచ్చుకుంది.

ఆ పొద్దున పదింటి దాకా గుంతల్లో మోకాళ్ళ మీద కూర్చుని, పైనుంచి మొదలుపెట్టి మిట్టవీధి నలభై ఉంగరాలూ విప్పింది. ముప్పై తొమ్మిది ఉంగరాలు తెల్లగానే ఉన్నాయి. నలభయ్యోది మిట్టవీధి చివర కుళ్ళాయప్ప ఇంటిది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. గోధుమరంగు మామూలు కంటికే కనబడుతోంది.

కుళ్ళాయప్ప సెప్టిక్ ట్యాంకులు తోడే బండి నడుపుతాడు. రెండు నెల్ల కిందట ఆ ఇంట్లో చేరాడు. ఆమె వెళ్ళేసరికి బండి వాకిట్లో ఉంది. కొళాయికి తొడిగిన ఆకుపచ్చ పైపు బండి ట్యాంకు మూతిలోంచి లోపలికి వేలాడుతోంది. అడుగున మిగిలిన మురికినీళ్ళలో దాని కొస మునిగి ఉంది. కొళాయి తిప్పి వదిలేసి ఉంది.

"ఇదేందప్పా, కొళాయి ఎప్పుడూ ఇట్లే తెరిచి పెడతావా?"

"అందురూ పెడ్తారు గదక్కా," అన్నాడు కుళ్ళాయప్ప బిత్తరపోయి. "నీళ్ళు ఎప్పుడొస్తాయో ఏమో, మేము ఇంట్లో ఉంటామో ఉండమో. పైపు బండ్లో ఏస్తే నీళ్ళొచ్చినప్పుడు అదే కడుక్కుంటాది. ఏం, తప్పా?"

అతను అన్నది అబద్ధం కాదు. ఆ ఊళ్ళో నీళ్ళు రాని రోజుల్లో ఏ కొళాయీ కట్టేసి ఉండదు. నీళ్ళు వస్తే ఆ చప్పుడుకు లేచి బిందెలు పెట్టుకోవచ్చని అందరూ తిప్పి వదిలేస్తారు. చౌడేశ్వరి ఒక్క గుంజుతో పైపును బయటికి లాగి పారేసింది. వేళ్ళకు అంటిన కంపు కడుక్కోవడానికి ఆ కొళాయి కింద నీళ్ళు లేవు.

ల్యాబులో కటకం కింద పెట్టి చూశాక ఫక్రుద్దీన్ సారుకు ప్రాణం లేచొచ్చింది. "దొరికినాడు దొంగ! ఇంకేంది, రాసెయ్."

"దొరికినాడు సార్. కానీ వెనక్కి ఎందుకు పారినాయి? బండ్లో నీళ్ళు వాటంతట అవే పైపులోకి ఎక్కవు గదా. ఏదో గుంజితేనే పోవాల."

ఆమెను తొలిచేస్తున్నది మరొకటి ఉంది. నీళ్ళొచ్చే రోజుకు ఒక మందపాటి పొర చొప్పున ఆర్నెల్లకు తొంభై పొరలు సరిగ్గా ఉన్నాయి. వాటి నడుమ అక్కడక్కడా పలచని పొరలు, పదకొండు. నీళ్ళు రాని రోజున వేసిన పొరలు. గోధుమరంగు ఒక్క మందపాటి పొర మీదా లేదు. చివరి ఐదు పలచని పొరల మీదే ఉంది.

"నీళ్ళే రాని దినం పొర యాడిది? నీ జీవులకు పిచ్చి పట్టినట్లుందిలే," అని సారు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆమె దిగువపేట మొదట్లో ఉన్న తమ ఇంటికి వచ్చి సంగటి ముద్ద కంచంలో పెట్టుకుంది. నాన్న మద్దిలేటి అప్పటికే చేయి కడుక్కుంటున్నాడు. మద్దిలేటి అంటే ఊళ్ళో ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, నీళ్ళు ఇడిసే మద్దిలేటి అంటే పసిపిల్లలకు కూడా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరి వాల్వులు తిప్పేది ఆయనే. భార్య లింగమ్మ గుండెజబ్బుతో పోయి ముప్పై ఎనిమిది రోజులైంది. అప్పటి నుంచి మనిషి సగమయ్యాడు. ఇంట్లో మాటలు కూడా లెక్కపెట్టుకున్నట్టు మాట్లాడుతున్నాడు.

వాకిట్లో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. దిగువపేట సుంకన్న, తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు.

"మద్దిలేటన్నా, మాయమ్మ పోయింది. ఆస్పత్రి నుంచి ఇప్పుడే తెస్తాండారు."

"అయ్యో, రాత్రి బాగుందంటిరే!" మద్దిలేటి మూలనున్న, వాల్వు తిప్పే ఇనప రాడ్డు అందుకున్నాడు. "పోరా, నువ్వు ఆ పనులు చూసుకోపో. ఎత్తే పొద్దుకు నీళ్ళు ఇడుస్తా."

"నాయనా, ఈ పొద్దు నీళ్ళ దినం కాదు గదా," అంది చౌడేశ్వరి.

"సావు నీళ్ళమ్మా. వంతు దినమైతే ఆ నీళ్ళే సరిపోతాయి. వంతు కాదని పాడె మోసినోళ్ళను తానం చేయకుండా కూచోబెడతామా?"

ఆయన వెళ్ళిపోయాడు. చావు నీళ్ళ సంగతి ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎవరింట్లో పీనుగ లేచినా, వంతు లేకపోయినా ఆ వీధికి అరగంట నీళ్ళు ఇస్తాడు ఆయన. ఏ ఆఫీసు కాయితంలోనూ అది లేదు, ఎవరూ ఇమ్మని ఆర్డరు వేయలేదు. ఆయనకు ముందు పనిచేసినవాడు ఇచ్చేవాడు, ఈయనా ఇస్తున్నాడు. అంత అలవాటైన సంగతి గనకే ఆమె దాన్ని ఎన్నడూ నీళ్ళ లెక్కలో వేసుకోలేదు.

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

వంతు లేని రోజున ఊరి ట్యాంకులో నీళ్ళుండవు. మరి ఆయన ఇచ్చే నీళ్ళు ఎక్కడివి? మిట్టవీధి పైపులో నిలవ ఉన్నవి. దిగువ వాల్వు తెరిస్తే పైన ఉన్న నీళ్ళన్నీ కిందికి జారిపోతాయి. జారుతూ జారుతూ పైన తెరిచి ఉన్న ప్రతి కొళాయినీ లోపలికి గుంజుతాయి. అన్ని ఇళ్ళలో గాలి గుంజుతాయి, ఒక్క ఇంట్లో తప్ప. పొద్దున బండిలోంచి పైపు లాగేసినా, ఇంతకుముందు గుంజిన మురికి ఇంకా పెద్ద పైపులోనే ఉంది.

ఆమె అప్పుడే లేచి వాల్వు గుంత దాకా పరిగెత్తి ఉండాల్సింది. తర్వాత ఎన్నిసార్లు ఆ గడియను తలుచుకున్నా ఆమెకు అదే అనిపించేది. కానీ చదువు మహా చెడ్డది. రూఢి చేసుకోకుండా మాట జారకూడదని ఆమెకు ఇరవై ఏళ్ళు నేర్పింది. చేయి కడుక్కుని ల్యాబుకే వెళ్ళింది. గాలి గుంజినప్పుడు పడిన ఆ పలచని పొరల తేదీలు ఒక కాయితం మీద రాసుకుంది. దిగువపేట చావుల జాబితా పక్కన పెట్టుకుంది. వంతు రోజున పోయినవాళ్ళను కొట్టేసింది. మిగిలిన తేదీలు పదకొండుకు పదకొండూ అతికినట్టు కలిశాయి. పాత ఆరూ శుభ్రంగా ఉన్నాయి. ఎందుకంటే అప్పటికి కుళ్ళాయప్ప బండి ఆ వీధికి రాలేదు. చివరి ఐదింటిలో మొదటిది అమ్మ పోయిన రోజు.

అంటే అమ్మ చావుకు ఇచ్చిన నీళ్ళతో కొందరు జబ్బున పడ్డారు. వాళ్ళు పోతే మళ్ళీ నీళ్ళు ఇచ్చారు. ఆ నీళ్ళతో మరికొందరు. ఒక్కో చావుకు చూపిన జాలే తర్వాతి చావును తెచ్చింది.

ఆమె వాల్వు గుంత దగ్గరికి చేరేసరికి మద్దిలేటి రాడ్డు బయటికి తీసి, చేతులు తువ్వాలుకు తుడుచుకుంటున్నాడు.

"మూసెయ్ నాయనా! ఆ నీళ్ళు మంచివి కావు!"

"మూసేస్తి. అందురూ పోసుకునేసినారు గదా. ఏం, ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

"కుళ్ళాయప్ప బండ్లో మురికి పైపులో కలిసింది," అని మాత్రం అంది. మిగతాది నోట రాలేదు.

సాయంత్రానికి ఆటో మీద మైకు కట్టి ఊరంతా చెప్పారు. ఎవరూ కొళాయి నీళ్ళు తాగొద్దు, ఉన్నవి పారబోయండి. మైకు రాకముందే ఆ అరగంటలో తాగినవాళ్ళకు మాత్రం చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు ఫక్రుద్దీన్ సారు కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పలచని పొరల కథ అంతా విన్నాడు.

"చూడమ్మా. బండి వాంది. పైపు ముంచింది వాడు. తప్పు వానిది గాక ఎవురిది? సావు నీళ్ళ సంగతి ఏ బుక్కులో ఉంది? యాడా లేదు. లేనిదాన్ని ఎందుకు రాస్తావ్? మీ నాయనకు ఇంక ఐదు నెల్లు సర్వీసుంది. పెండ్లాం పోయిన మనిషి. ఈ వయసులో ఎనిమిది సావులు ఆయన నెత్తిన పెడతావా?"

ఆయన చెడ్డవాడు కాదు. మద్దిలేటి మీద ప్రేమతోనే అన్నాడు. చౌడేశ్వరి ఆ రోజు రిపోర్టులో కుళ్ళాయప్ప ఇంటి నంబరు రాసింది. తేదీల దగ్గరికి వచ్చేసరికి పెన్ను పక్కన పెట్టింది.

ఇంటి నంబరు ఆఫీసు గుమ్మం దాటడానికి ఎంతోసేపు పట్టదు. పదకొండింటికల్లా దిగువపేట మగవాళ్ళు మిట్టవీధికి ఎక్కారు. బండి అద్దాలు పగలగొట్టారు. కుళ్ళాయప్పను వాకిట్లోకి ఈడ్చి కొట్టారు. అతని పెళ్ళాం కాళ్ళ మీద పడి బతిమాలుకుంటే గానీ వదల్లేదు. ఆస్పత్రిలో అతని కుడిచేతికి కట్టు కట్టించుకుని, దొరికిన బస్సుకే మొగుడూ పెళ్ళాలు ఊరు వదిలి వెళ్ళిపోయారు.

మద్దిలేటి మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు. చాన్నాళ్ళకు ఆయన గొంతులో కాస్త జీవం వినిపించింది.

"వానికి కావాల్సిందే. ఎనిమిది పానాలమ్మా! నేను ముప్పై ఏండ్లు కండ్లల్లో పెట్టుకుని కాపాడిన నీళ్ళు. ఇంగ రెండు తగిలించింటే గూడా పాపం లేదు."

చౌడేశ్వరి ఇక భరించలేకపోయింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పింది. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు వాల్వు తిప్పిన మనిషికి పైపులో నీళ్ళు ఎటు జారతాయో ఆమె నేర్పాల్సిన పనిలేదు. సగంలోనే ఆయనకు అర్థమైంది.

"అట్లయితే," అని ఆగాడు. "మీయమ్మకు ఇడ్సినప్పుడు గూడానా?"

అబద్ధం చెబుదామనుకుంది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"అదే మొదటిది నాయనా."

ఆయన గోడకు జారగిలబడ్డాడు. ఆ రోజు ఇద్దరికీ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. లింగమ్మను లేపాక వాకిట్లో నలభై మంది తడిసేందుకు నీళ్ళు లేక నిలబడి ఉన్నారు. మద్దిలేటి మాత్రం పెళ్ళాం పడుకున్న చోటే కూలబడి కదల్లేదు. చౌడేశ్వరే మూల నుంచి రాడ్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, లే నాయనా, అందరూ కాచుకుని ఉండారు, అంది.

"సూడు మా," అన్నాడు ఆయన. "రాయి. నా పేరు రాయి. కుళ్ళాయప్పను కొట్టిచ్చిన పాపం గూడా నాదే, రాయి. కానీ ఆ పొద్దు రాడ్డు నా చేతికిచ్చింది నువ్వని మాత్రం యాడా రాయొద్దు. అది మన ఇద్దరికే తెలుసు. మన ఇద్దరిలోనే ఉండనీ."

"నిన్న గూడా నాకు తెలిసింది నాయనా. నువ్వు రాడ్డు తీసుకుని పోతాంటే తెలిసింది. నిన్ను ఆపలేదు. కాయితాలు చూసుకోను పోయినా."

మద్దిలేటి ఆమె నెత్తి మీద చేయి పెట్టాడు. చిన్నపిల్లలా ఆయన మోకాళ్ళ మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

మూడో రోజు పొద్దున గంగులమ్మ మూడేళ్ళ కూతురు పోయింది. గంగులమ్మది సుంకన్న పక్కిల్లు. సుంకన్న తల్లి శవాన్ని ఎత్తిన మధ్యాహ్నం ఆమె కూడా కొళాయి కింద బిందె పట్టుకుంది. పిల్ల దప్పికని ఏడిస్తే ఆ బిందెలోంచే గ్లాసుతో ముంచి ఇచ్చింది.

నీళ్ళ వంతు కాదు ఆ రోజు. దిగువపేట పెద్దలు నలుగురు మద్దిలేటి వాకిట్లోకి వచ్చారు. ఎప్పుడూ వచ్చినట్టే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మద్దిలేటన్నా, పసిబిడ్డ. ఓ పది నిమిషాలు ఇడ్సినా చాలు. పైపు కడిగించినామని ఆఫీసోళ్ళు చెప్పినారు గదా."

"ఇడవను," అన్నాడు మద్దిలేటి.

వాళ్ళు తప్పుగా విన్నామనుకున్నారు. ముప్పై ఏళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట ఎవరూ వినలేదు.

"ఏందన్నా నువ్వు మాట్లాడేది? నీ పెండ్లానికైతే ఇడుస్తివే!"

"రాండి," అన్నాడు ఆయన. "అందురూ ఉండే చోట చెప్తా."

చౌడేశ్వరి కూడా వాళ్ళ వెంట నడిచింది. గంగులమ్మ వాకిట్లో దిగువపేట అంతా ఉంది. పాపను అరుగు మీద చిన్న బొంత పరిచి పడుకోబెట్టారు. మద్దిలేటి అరుగుకు ఈవల నిలబడి, తువ్వాలు నడుముకు కట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. వాల్వు ఎట్లా పనిచేస్తుందో, నీళ్ళు ఎక్కడి నుంచి జారతాయో, రోజూ బువ్వ వండుకునే మాటల్లో చెప్పాడు. తన పెళ్ళాం మొదలు సుంకన్న తల్లి దాకా ఎవరెవరి చావుకు నీళ్ళు ఇచ్చాడో ఒక్కో పేరూ చెప్పాడు. పేరు వినబడినప్పుడల్లా గుంపులో ఎవరో ఒకరు తల దించుకున్నారు. కుళ్ళాయప్పను కొట్టినవాళ్ళు కొంచెం కొంచెంగా వెనక్కి జరిగారు.

"మాయమ్మ పోయినప్పుడు నేనే వచ్చి చెప్తి," అన్నాడు సుంకన్న. "నీకేం తెలుసు అన్నా?"

"ఆయనకు తెలియదు. నాకు తెలుసు," అంది చౌడేశ్వరి.

మద్దిలేటి చప్పున తిరిగి చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆగలేదు. అమ్మ పోయిన రోజు రాడ్డు ఆయన చేతిలో పెట్టిందీ, సుంకన్న వచ్చిన రోజు అనుమానం వచ్చీ ఒక గంట కాయితాల ముందు కూర్చుందీ, అన్నీ చెప్పింది. ఆ గంటలోనే ఈ పాప నీళ్ళు తాగిందని గంగులమ్మ వైపు చూసే చెప్పింది. మొహం తిప్పుకుంటే మాట బయటికి రాదని ఆమెకు తెలుసు.

కొడతారేమో అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. ఎవరూ ముందుకు రాలేదు. అందరూ గంగులమ్మ వైపు చూస్తున్నారు.

గంగులమ్మ ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. వాళ్ళు చెప్పినదంతా విన్నదో లేదో కూడా తెలియలేదు. పాప కాళ్ళ మీద బొంత సర్దుతూ అడిగింది.

"అట్లయితే ఇప్పుడు నా బిడ్డకు యా నీళ్ళు పొయ్యాల?"

బోరుబావి ఎండి నాలుగేళ్ళయింది. ఇళ్ళల్లో ఉన్న బిందెలన్నీ మైకు మాట విని బోర్లించి ఉన్నాయి.

చౌడేశ్వరి ల్యాబుకు వెళ్ళింది. మద్దిలేటి ఆమె వెనకే నడిచాడు. గాజు పొరల్ని కడగడానికి ఆమె ఆవిరి పట్టి తీసి ఉంచిన నీళ్ళు అక్కడ రెండు క్యాన్లలో ఉన్నాయి. ఉప్పు గానీ మట్టి గానీ చివరికి రుచి గానీ లేని నీళ్ళు. తండ్రి ఒకటి, కూతురు ఒకటి భుజాన పెట్టుకుని ఎండలో దిగువపేటకు మోసుకొచ్చారు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

గంగులమ్మ చెంబు అందుకుంది. మద్దిలేటి క్యాను వంచి పట్టుకున్నాడు. రెండో క్యానులో ఇంకా సగం మిగిలి ఉండగానే స్నానం అయిపోయింది. బిడ్డ మరీ చిన్నది.